రెండు వేళ్ళ వదులు

“ఆ చెయ్యి ఒకసారి చూపించమనండి” అంది తనిఖీకి వచ్చినావిడ, అక్క వైపు చూడకుండా, అమ్మతో.

చెయ్యి అక్కది. వినడానికి చెవులూ ఉన్నాయి. ఆవిడకి రెండడుగుల దూరంలో, మోటారు కుర్చీలో కూర్చునే ఉంది. అయినా అడిగింది మాత్రం అమ్మని.

అమ్మ వచ్చి, కూతురి కుడి చేతి చొక్కా మడత పైకి జరిపింది. మణికట్టు చుట్టూ సన్నటి గీత, కమిలిపోయి ఉంది. ఆదివారం ఎర్రగా ఉన్నది మంగళవారానికి నల్లబడింది.

“చూశారుగా?” గోడకి ఆనుకుని ఉన్న తమ్ముడు ఒక్క అంగలో ముందుకొచ్చాడు. “ఫోన్లో చెబితే ఎక్కడో తగిలించుకుని ఉంటుందిలెండి అన్నారు మీ ఆఫీసువాళ్ళు. ఇది తగిలించుకున్న దెబ్బలా ఉందా? కట్టేశారండి మా అక్కని. గొడ్డుని కట్టేసినట్టు కట్టేశారు!”

“నెమ్మదిగా మాట్లాడరా” అంది అమ్మ.

“నెమ్మదిగా మాట్లాడే ఇంతదాకా తెచ్చుకున్నాం.”

ఈ ఇంట్లో అక్కని అక్క అననివాళ్ళు లేరు. తమ్ముడికి మాటలు వచ్చిన రోజునుంచి అమ్మ కూడా అలాగే పిలుస్తోంది. ముప్ఫై ఆరేళ్ళ మనిషి. పుట్టినప్పుడు ఊపిరందక మెదడుకి తగిలిన దెబ్బ వల్ల ఒళ్ళు చెప్పిన మాట వినదు. బుర్ర మాత్రం చెప్పనివి కూడా వింటుంది.

తమ్ముడు నిందవేసిన మనిషి గుమ్మం పక్కన నిలబడి ఉంది. ఇళ్ళకి సహాయకుల్ని పంపే సంస్థ తరఫున ఆరేళ్ళుగా వస్తున్న మనిషి. యాభై దాటింది. ఇంట్లో అందరూ ఆమెను గడియారం అంటారు. ఆ పేరు పెట్టింది అక్కే. పొద్దున ఏడింటికి రావడం, స్నానం, మందులు, తిండి, కుర్చీలోకి మార్చడం, ఒంటిగంటకి వెళ్ళి మళ్ళీ నాలుగింటికి రావడం, అన్నీ ముల్లు కదిలినట్టే. ఒకసారి ఆమె ఐదు నిమిషాలు ఆలస్యంగా వస్తే, తప్పు గోడ గడియారానిదేనని అక్క దాని బ్యాటరీ మార్పించింది.

ఇవాళ ఆమె చేతులు రెండూ వెనక పెట్టుకుని నిలబడింది. విచారణ తేలేవరకూ అక్కని ముట్టుకోకూడదని తనిఖీ ఆవిడ వచ్చీ రాగానే చెప్పేసింది.

అదే సంస్థ నుంచి వచ్చిన తనిఖీ ఆవిడకి కూడా ఒక పేరుంది. పోయినేడాది వచ్చి గంటన్నరసేపు కాగితాలు నింపుకుని, అక్కతో ఒక్క ముక్క మాట్లాడకుండా వెళ్ళిపోయినప్పుడు అక్క ఆవిడకి ఫారాలమ్మ అని నామకరణం చేసింది.

ఫారాలమ్మ కుర్చీ చేతికి వేలాడుతున్న గుడ్డ పట్టీని పైకెత్తింది. నాలుగు వేళ్ళ వెడల్పు, నాలుగు మడతలు వేసి కుట్టిన మెత్తటి పట్టీ.

“కట్టింది దీంతోనేనా?”

“అది ఎడమ చేతికండి” అంది గడియారం. “నేనే కుట్టాను.”

“ఒప్పుకుందిగా!” తమ్ముడు చెయ్యి చాపి చూపించాడు. “వినండి, రాసుకోండి. కట్టడానికి పట్టీలు కూడా కుట్టి పెట్టుకుంది!”

“ఎడమ చేతికి కడతాను బాబూ. అమ్మాయిగారు అడిగితేనే కడతాను. కట్టకపోతే ఆ చెయ్యి ఆవిణ్ణి పనిచేసుకోనివ్వదు. కుడిచేత్తో ఏదైనా మొదలెట్టగానే అదొచ్చి అడ్డం పడుతుంది. మీకు తెలియనిదా?”

“డాక్టరు రాసిచ్చిన కాగితం ఉందా?” అంది ఫారాలమ్మ.

“లేదండి.”

“కాగితం లేకుండా ఒంటికి ఏ కట్టూ కట్టకూడదని మీకు శిక్షణలో చెప్పారా లేదా?”

“చెప్పారండి.”

ఫారాలమ్మ రాసుకుంది. పెన్ను బరబరా నడుస్తుంటే అక్క గొంతెత్తింది.

అక్క మాట బయటివాళ్ళకి గొంతులో గులకరాళ్ళు పోసినట్టు వినిపిస్తుంది. అమ్మకీ, గడియారానికీ ప్రతి ముక్కా అర్థమవుతుంది. తమ్ముడికి సగం అర్థమవుతుంది. పెళ్ళయి వేరే ఇంట్లో కాపురం పెట్టాక అందులోనూ తనకి కావలసిన సగమే అర్థమవుతోందని అక్క వెక్కిరిస్తుంటుంది.

“ఏమంటోంది?” అని ఫారాలమ్మ అమ్మని అడిగింది.

అక్క అన్నది, ‘ఆవిణ్ణి ఏమీ అనకండి, ఆవిడ తప్పు లేదు’ అని.

“నొప్పిగా ఉందంటోందండి” అంది అమ్మ.

గడియారం చివ్వున తలెత్తి అమ్మని చూసింది. అమ్మ అటు చూడలేదు. కూతురి చొక్కా మడత కిందికి దించి, బొత్తాం పెడుతూ ఉండిపోయింది. ఆ బొత్తాం పెట్టడానికి అంతసేపు అక్కర్లేదు.

గురువారం జరిగింది అమ్మకీ, అక్కకీ, గడియారానికీ మాత్రమే తెలుసు.

కిందటి నెల, ఎవరో పుస్తకాల కట్ట గుమ్మంలో పెట్టి, తలుపు కొట్టి వెళ్ళిపోతే అక్క ఒక్కతే కుర్చీ నడుపుకుంటూ వెళ్ళి, గుమ్మం మెట్టు దగ్గర కుర్చీతో సహా పడింది. నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి. అప్పుడు మధ్యాహ్నం రెండున్నర. గడియారం ఇంట్లో లేదు. డెబ్బయ్యొకటో ఏడు నడుస్తున్న అమ్మ పక్కగదిలో నడుం వాల్చి ఉంది. ఆ మర్నాటి నుంచి అమ్మ తాను పడుకోబోయే ముందు అక్క కుడిచేతిని కుర్చీకి కట్టేయడం మొదలుపెట్టింది. కుర్చీ నడిపేది ఆ చేత్తోనే. పట్టీతో కడితే అక్క విదిలించుకుంటుందని కిటికీ తెర తాడుతో కట్టి, గడియారం వచ్చేలోగా విప్పేసేది.

ఎవరినైనా పిలవాలంటే నొక్కే గంట కూడా ఆ చేతి కిందే ఉంటుంది. అమ్మకి ఆ ఆలోచనే రాలేదు.

గురువారం మూడున్నరకి అమ్మ లేచి పాలు పొయ్యి మీద పెట్టి, ఐదు నిమిషాలని మళ్ళీ వెళ్ళి వాలింది. పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. అక్కకి వాసన తెలిసింది. గంట నొక్కడానికి లేదు, కుర్చీ కదలడానికి లేదు. అరిచింది. గొంతు పోయేదాకా అరిచింది. చెయ్యి లాక్కుంది, తాడు దిగబడింది. అమ్మ లేవలేదు. నాలుగింటికి గడియారం తలుపు తీసుకుని వచ్చి, పొయ్యి కట్టేసి, కిటికీలన్నీ బార్లా తెరిచి, కట్టు విప్పింది. అందుకు అక్క అమ్మని తప్పు పట్టలేదు. నిద్రపోయిన మనిషికి ఏం తెలుస్తుంది అనుకుంది.

అమ్మ గడియారం రెండు చేతులూ పట్టుకుంది. “మావాడికి తెలిస్తే దీన్ని తీసుకెళ్ళి ఆ వికలాంగుల హోములో పెట్టేస్తాడమ్మా. నోరు జారకు. నీకు పుణ్యముంటుంది” అని ఏడ్చింది. గడియారం మాట ఇచ్చింది.

ఆదివారం తమ్ముడు వచ్చి, అక్క చొక్కా మారుస్తూ ఆ గీత చూశాడు. “ఎవరమ్మా ఇది చేసింది?” అని కేకవేశాడు. అమ్మ భయపడి, “ఆ మనిషినే అడుగు” అనేసింది. ముందుగా అనుకుని అన్న మాట కాదు. కానీ అన్న మాటని వెనక్కి తీసుకోవడానికి సోమవారం రోజంతా ఉంది, తీసుకోలేదు.

“చూడమ్మా” ఫారాలమ్మ గడియారం వైపు తిరిగింది. “మణికట్టు మీద కమిలిన గుర్తుంది. కట్టే అలవాటు ఉందని నువ్వే చెబుతున్నావు. నీ పేరు జాబితాలోకి ఎక్కితే ఇక ఏ ఇంట్లోనూ, ఏ ఆసుపత్రిలోనూ నిన్ను ఈ పనిలోకి తీసుకోరు. తెలుసా?”

“తెలుసండి.”

“అయితే చెప్పు. కుడిచేతికి ఎందుకు కట్టావు?”

“కుడిచేతికి నేను కట్టలేదు.”

“మరెవరు కట్టారు?”

గడియారం తల దించుకుంది.

“నిన్నే అడుగుతున్నాను.”

“నన్ను అడక్కండి మేడం. నేను కట్టలేదు. అంతే నేను చెప్పగలిగేది.”

“అదేం జవాబు?” అన్నాడు తమ్ముడు. “నువ్వు కాక ఇంకెవరు కడతారు? మా అమ్మ కడుతుందా? నేను వచ్చి కడతానా? ఆరేళ్ళు మా ఇంట్లో మనిషిలా తిరిగావు. మా పిల్లల పుట్టినరోజులకి కూడా వచ్చావు. సిగ్గుండాలి!”

గడియారం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి కూడా చేతులు ముందుకి తీసుకురాలేదు.

అక్క మళ్ళీ అరిచింది. ఈసారి కోపంతో ఒళ్ళంతా బిగుసుకుంది. ఎడమ చెయ్యి గాల్లోకి లేచి, బల్ల మీది మంచినీళ్ళ గ్లాసుని ఎగరగొట్టింది. నీళ్ళు ఫారాలమ్మ కాగితాల మీద పడ్డాయి.

“ఏమంటోంది, ఏమంటోంది?” ఆవిడ కాగితాలు దులుపుకుంటూ లేచింది.

“బాత్రూంకి వెళ్ళాలంటోందండి” అంది అమ్మ. “మీరు కాసేపు అవతల కూర్చోండి. నేను తీసుకెళతాను.”

అమ్మ కుర్చీ వెనక్కి వెళ్ళి పిడి పట్టుకుంది. అక్క కుడిచేత్తో మీట నొక్కింది. కుర్చీ ఒక్కసారిగా ముందుకి దూకింది. పిడి అమ్మ చేతిలోంచి జారిపోయింది. కుర్చీ తిన్నగా వెళ్ళి, కిటికీ పక్కనున్న కంప్యూటరు బల్లని ఢీకొట్టి ఆగింది. బల్ల మీదున్న అచ్చుకాగితాల దొంతర నేలమీద పరుచుకుంది.

అక్క బల్ల అంచుని ముంజేత్తో కొట్టింది. ఒకసారి, రెండుసార్లు.

ఫారాలమ్మ అప్పుడు చూసింది అక్క ముఖంలోకి. పోయినేడాది గంటన్నరలో చూడనిది, ఇవాళ ముప్పావుగంట తర్వాత చూసింది.

“మీరే ఏమైనా చెప్పాలనుకుంటున్నారా?”

అక్క తల ఊపింది.

“రాయగలరా?”

“రాయగలరా ఏమిటండి” అన్నాడు తమ్ముడు, అంత కోపంలోనూ కాస్త గర్వంగా. “బడిపుస్తకాలకి ప్రూఫులు దిద్దుతుంది. ఎనిమిదేళ్ళుగా. మీ పిల్లలు చదివే పుస్తకాల్లో తప్పుల్లేవంటే మా అక్క వల్లే.”

“మరి ఫారంలో పని అన్న చోట ఏమీ లేదని...” ఫారాలమ్మ మాట మధ్యలోనే మింగేసింది. అది రాసింది తనే.

అక్క గుమ్మం వైపు చూసి ఏదో అంది. గడియారం అలవాటుగా ఒక అడుగు ముందుకేసి, మళ్ళీ ఆగిపోయింది.

“ఏమన్నారు?” ఈసారి ఫారాలమ్మ అమ్మని అడగలేదు, గడియారాన్ని అడిగింది.

“ఎడమ చెయ్యి కట్టమంటున్నారండి. కట్టకపోతే మీటలు నొక్కలేరు.”

తమ్ముడు తల గోక్కున్నాడు. ఫారాలమ్మ ఇప్పుడే ఆ పట్టీ గురించి అర పేజీ రాసింది.

“నేను కట్టకూడదు” అంది చివరికి. “ఈమె ముట్టుకోకూడదు. మీరు కట్టండి” అని తమ్ముడికి చెప్పింది.

తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. చేతిలో పని పడితే బిగించడమే తెలుసు. పట్టీ తీసి అక్క ఎడమ చేతిని కుర్చీకి ఒక్క లాగు లాగి కట్టాడు. అక్క ‘అబ్బా’ అంది. ఆ మాట అందరికీ అర్థమైంది.

“అలా కాదు బాబూ” గడియారం ఉండబట్టలేకపోయింది. “రెండు వేళ్ళు దూరేంత వదులుండాలి. మణికట్టు మీద కాదు, కొంచెం పైకి. చెయ్యి కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టాలి.”

తమ్ముడు మళ్ళీ కట్టాడు. ఈసారి మరీ వదులై చెయ్యి ఊడి వచ్చేసింది. అక్క విసుగ్గా తల తిప్పి ఫారాలమ్మకేసి చూసింది. నోటితో ఏమీ అనలేదు. చూస్తూనే ఉంది.

ఫారాలమ్మ పెన్ను బల్ల మీద పెట్టింది. వచ్చి కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. తువ్వాలు మడతపెట్టి, పట్టీ చుట్టి, ముడి వేసి, పట్టీ కింద తన రెండు వేళ్ళు దూర్చి చూసింది. తర్వాత తల పైకెత్తి, “సరిపోయిందా?” అని అక్కనే అడిగింది.

అక్క అవునంది. ఆ చెయ్యి ఊరుకుంది. భుజం దిగింది, మెడ నిలబడింది. కుడిచేతి చూపుడువేలు మీటల మీదికి వచ్చింది.

అక్క ఒక్కో మీటా నొక్కుతుంటే తమ్ముడు వెనక నిలబడి పైకి చదివాడు. అమ్మ మాత్రం దగ్గరికి రాలేదు. వంటింటి గుమ్మం పక్కనున్న పీట మీద కూర్చుండిపోయింది.

“‘ఎడమ చెయ్యి నేనే కట్టమంటాను. చెయ్యి నాది, పని నాది.’” తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. “‘కుడిచెయ్యి కట్టింది గడియారం కాదు.’”

“మరెవరు?” అంది ఫారాలమ్మ.

అక్క వేలు మీటల మీద ఆగింది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యడానికి తంటాలు పడుతున్నారు. అది స్టార్టయి వెళ్ళిపోయింది. అప్పుడు వేలు కదిలింది.

రెండే అక్షరాలు. తమ్ముడు చదవడానికి నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు.

“‘అమ్మ.’”

అమ్మ పీట మీదినుంచి కదల్లేదు.

“అమ్మా?” తమ్ముడు ఆవిడ వైపు తిరిగాడు. “ఏమిటిది?”

“నేనే కట్టాను.”

“నువ్వా? నన్ను ఆ మనిషిని అడగమన్నావే!”

“అన్నాను.”

“రెండు రోజులుగా నోటికొచ్చినట్టు తిడుతున్నాను ఆవిణ్ణి! పక్కనే కూర్చుని వింటున్నావే! ఒక్కసారైనా...”

“ఏం చెయ్యమంటావురా?” అమ్మ గొంతు ఒక్కసారి లేచింది. “మెట్టు మీంచి పడి నెత్తురు కారుతూ ఉంటే ఎత్తడానికి నా వల్ల కాలేదు. నేలమీద కూర్చుని దాని తల ఒళ్ళో పెట్టుకుని గడియారం కోసం గంటన్నర ఎదురుచూశాను. నీకు ఫోన్ చేస్తే లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళని తీస్తున్నానన్నావు. మళ్ళీ పడితే? నేను కళ్ళు మూస్తే అది ఎక్కడికో పోతుంది. ఒక్క గంట కళ్ళు మూసుకోకుండా నేను బతకగలనా?”

“కుర్చీ స్విచ్చి ఆపేయొచ్చుగా!”

“వేలితో వేసుకుంటుంది. నీ అక్కేగా.”

ఫారాలమ్మ తన సంచిలోంచి పోయినేడాది కాగితాలు బయటికి తీసింది. పేజీలు తిప్పింది.

“ఒంటిగంట నుంచి నాలుగింటిదాకా కూడా మనిషిని పంపుతామని రాశాం పెద్దమ్మగారూ. మీరే వద్దన్నారు.”

“నా కూతుర్ని చూసుకోవడానికి నేను లేనా అన్నాను. అప్పుడు చూసుకోగలిగాను.”

“కుటుంబం చూసుకుంటుంది అని రాశాను నేను.” ఆవిడ కాగితం మీది తన సంతకం చూసుకుంది.

మీటలు టకటకలాడాయి. తమ్ముడు తెర చూసి మెల్లిగా చదివాడు.

“‘నన్ను ఎవరూ అడగలేదు.’”

ఫారాలమ్మ ఆ కాగితాలు పక్కన పెట్టింది. గడియారం వైపు తిరిగి, “మీరు వచ్చి కూర్చోండి” అంది. ఇంతసేపూ నువ్వు అన్న మనిషి మీరు అంది. గడియారం వచ్చి కూర్చోలేదు గాని, చేతులు ముందుకి తెచ్చుకుని కళ్ళు తుడుచుకుంది.

“కుడిచెయ్యి సంగతిలో మీ మీద ఫిర్యాదు కొట్టేస్తాను. కానీ ఇంకో ప్రశ్న అడక్క తప్పదు.” ఫారాలమ్మ ఈసారి కుర్చీ లాక్కుని అక్కకి ఎదురుగా కూర్చుంది. “మీరు ఆలోచించుకుని చెప్పండి. ఆ మూడు గంటల్లో, మీ చెయ్యి కట్టి ఉన్నప్పుడు, ప్రాణం మీదికి వచ్చేలాంటిది ఏదైనా జరిగిందా? జరిగి ఉంటే ఈ ఇంట్లో మీరు ఉండటం క్షేమం కాదని రాయాలి. అలా రాస్తే మిమ్మల్ని వేరేచోటికి మార్చేదాకా ఈ ఇంటికి మా మనిషిని పంపడం కుదరదు. అది మా నియమం. నా చేతిలో లేదు.”

తమ్ముడు తెరకేసి చూస్తున్నాడు. అతని సొరుగులో ఆ హోము కాగితం మూడు నెలలుగా ఉంది. తోట ఉంది, నర్సులున్నారు, గదికి ఇద్దరు చొప్పున ఉంటారు. కంప్యూటరు బల్ల పెట్టుకోవడానికి చోటు లేదని అక్క ఆ కాగితాన్ని ఒక్క చూపు చూసి పక్కకి నెట్టేసింది.

తాను ఇచ్చిన మాట తీరిపోయిందో ఇంకా ఉందో గడియారానికి తెలియలేదు.

అక్క అమ్మ వైపు చూడలేదు. ఇంకొకరి తప్పులు దిద్ది బతికే మనిషి, ఒక్క తప్పు లేకుండా ఆ అబద్ధం రాసింది.

“‘లేదు’” అని చదివాడు తమ్ముడు. హమ్మయ్య అనుకున్నట్టు భుజాలు దించాడు.

ఫారాలమ్మ పెన్ను తీసింది.

“అబద్ధం” అంది అమ్మ.

అక్క గట్టిగా ఏదో అరిచింది. అమ్మకి అర్థమైంది. పొద్దుటినుంచి ఆవిడ తప్పుగా చెప్పిన మాటలన్నింటికంటే స్పష్టంగా అర్థమైంది. అయినా ఆగలేదు.

“నోరు ముయ్యమంటోందండి నన్ను. ఇది సరిగ్గానే చెబుతున్నాను. మీరు రాసుకోండి. గురువారం పాలు పొంగి మంట ఆరిపోయింది. ఇల్లంతా గ్యాసు నిండింది. ఇది ఇక్కడే, ఈ కుర్చీలో, చెయ్యి కట్టేసి ఉంది. గడియారం రాకపోతే ఇవాళ మీరు వచ్చే పనే ఉండేది కాదు.”

“గ్యాసా?” తమ్ముడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. “నువ్వేం చేస్తున్నావమ్మా అప్పుడు?”

“నిద్దర్లో ఉన్నారు బాబూ” అంది గడియారం గబగబా. “పెద్దావిడ. పాలు పెట్టి వాలారు, కునుకు పట్టేసింది. ఎవరికైనా అవుతుంది.”

అవును, నిద్రలోనే ఉంది అన్నట్టు అక్క గట్టిగా తల ఊపింది.

అమ్మ తన అరచేతులు తిప్పి చూసుకుంది. ఇంకెవరూ ఏమీ అడగలేదు. ఆవిడ అక్కడితో ఆగిపోతే సరిపోయేది.

“నిద్ర పట్టలేదు” అంది. “తలుపు వేసుకుని పడుకున్నాను. అది అరుస్తోంది. మొదటి కేక నుంచీ విన్నాను. రోజూ అరుస్తుంది, విప్పమని. కాసేపటికి ఊరుకుంటుంది. ఆ రోజూ ఊరుకుంటుందిలే అనుకున్నాను. ఎంతకీ ఊరుకోలేదు. ఏమంటోందో చెవి పెట్టి వింటే తెలిసేదే. వినలేదు. దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను.”

ఫారాలమ్మ పెన్ను కాగితం మీద ఆనలేదు. తమ్ముడు రెండు చేతులతో కుర్చీ పిడి పట్టుకున్నాడు.

అక్క మెడ మెల్లిగా తిరిగింది. ఇప్పటిదాకా చూడని అమ్మ వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఎవరూ అడగకుండానే, వేలు మీటల మీదికి వెళ్ళింది. ఒక అక్షరం నొక్కి ఆగింది. ఇంకొకటి నొక్కింది.

‘మెలకువగానే ఉన్నావా’ అని తెర మీద పడింది.

తమ్ముడు చదవలేదు.

“ఏం రాసింది?” అంది అమ్మ.

గడియారం తెర వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఏం రాసిందిరా? చదవరా. నన్నేగా అన్నది.”

అమ్మ గోడ పట్టుకుని పీట మీంచి లేచింది. తడి నేల మీద పరుచుకున్న అచ్చుకాగితాల మధ్య కాళ్ళకి చోటు చూసుకుంటూ, ఆ తెర దగ్గరికి నడవడం మొదలుపెట్టింది.